ఎదురుకాళ్ల అనసూర్య

మందమర్రి,
జూన్ 18, 2023.

పెద్దవ్వకు, నీ అలేఖ్య దండాలు.

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఏందే?" అని ఆరుసార్లు అడిగి, చివరికి "సరే, మంచిదే" అని పెట్టేస్తావు. నీ చెవులు అలా అయ్యాక నీతో మాట్లాడాలంటే ఉత్తరమే దిక్కు. అందుకే పది ఇన్‌లాండ్ కవర్లు కొని పెట్టుకున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని తిట్టకు. పెన్నుకు గుడ్డ చుట్టి లావు చేసుకుని రాస్తున్నాను. సన్న పెన్ను పట్టుకుంటే చూపుడువేలు వెనక్కి వంగిపోతోంది.

నేను మళ్ళీ పడ్డాను. నేను పనిచేసే మీసేవ ముందు ఉన్నవి మూడే మెట్లు. మూడో మెట్టు మీద కుడికాలు లోపలికి మడతపడింది. చేతిలో ఎవరివో కులం సర్టిఫికెట్లు ఉన్నాయి, అన్నీ చెల్లాచెదురయ్యాయి. జనం ముందు కాగితాలు ఏరుకున్నారు, తర్వాత నన్ను లేపారు. ఈ ఏడాది ఇది ఎన్నోసారో చెప్పలేను. కుక్కర్ మూత తిప్పితే మణికట్టు, బండి స్టాండు వేస్తే మడమ, నిద్రలో పక్కకు తిరిగితే భుజం. మా అత్తమ్మ గంగుబాయి "జర చూసి నడువరాదు?" అంటుంది. నేను చూసే నడుస్తాను పెద్దవ్వా. దారి కంటే ముందు నా కాలినే చూసుకుంటాను.

నీ అల్లుడు అరుణ్ డ్యూటీకి సెలవు పెట్టి కరీంనగర్‌లో ఒక ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎక్స్‌రే తీయకముందే ఆయన నా బొటనవేలిని మణికట్టుకు ఆనించమన్నాడు. ఆనించాను. మోకాళ్ళు వంచకుండా అరచేతులు నేలకు పెట్టమన్నాడు. పెట్టాను. చిన్నప్పుడు నీ వాకిట్లో ఇవే చేసి చూపిస్తే బీడీలు చుట్టే ఆడవాళ్ళంతా చాటలు పక్కన పెట్టి చప్పట్లు కొట్టేవాళ్ళు, గుర్తుందా? డాక్టర్ చప్పట్లు కొట్టలేదు. నా కీళ్ళు పుట్టుకతోనే మరీ వదులట. దానికి హైపర్‌మొబిలిటీ అని పేరు. మందుతో పోయేది కాదు. కండ బలం పెంచుకోవాలి, బెణికితే పట్టీ కట్టుకోవాలి, పడకుండా చూసుకోవాలి. అంతే.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగాడు. నన్ను కన్న అవ్వ పోయేనాటికి నాకు ఆరేళ్ళు. నాకేం గుర్తుంటుంది? బాపు మస్కట్ పోయాక నన్ను పెంచింది నువ్వు. అవ్వకు సొంత అక్కవు. అవ్వకు ఇలా ఉండేదా? నీకు ఉందా? దాచకుండా రాయి. సృజనకు మొన్ననే ఐదు నిండాయి. నిన్న అది తన బొటనవేలిని మణికట్టుకు ఆనించి "మమ్మీ, చూడు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు, భయమేసింది.

నీ అలేఖ్య


మంథని,
జూలై 2, 2023.

నా బిడ్డ అలేఖ్యకు పెద్దవ్వ దీవెనలు.

మీ మామ కొడుకు సంపత్ ఆటో ఆపి మరీ నీ ఉత్తరం చదివి పెడతానన్నాడు. "నా చెవులే పోయినయిరా, కండ్లు మంచిగనే ఉన్నయి" అని గుంజుకుని నేనే చదువుకున్నాను. మా కాలపు ఏడో తరగతి అంటే ఇప్పటి డిగ్రీతో సమానం.

మన ఇంట్లో ఎవరికీ అలాంటి రోగం లేదు. మీ అవ్వ కోమల రాయిలాంటి మనిషి. ఆమెను జ్వరం తీసుకుపోయింది గానీ కీళ్ళు కాదు. ఇక నాకంటావా, ఊరి నడుములన్నీ నిలబెట్టిన కాలు నాది. దానికి రోగమేంది? నీకు చిన్నప్పుడు పాలు సహించలేదు, బొక్కలకు బలం రాలేదు. అంతకు మించి ఏమీ లేదు. వారానికోసారి మేకకాళ్ళు ఉడికించుకుని తాగు.

నేను కాళ్ళు ముందు పెట్టి పుట్టినందుకు మా అవ్వ మూడు రోజులు చచ్చి బతికిందట. ఆ పుణ్యం ఊరికే పోలేదు. ఎదురుకాళ్ల అనసూర్య అంటే మంథనిలో తెలియని నడుము లేదు. పోయిన ఆదివారం ఆరుగురు వచ్చారు. ఏదో ఆఫీసులో పెద్ద క్లర్కట, ఆయన కూడా ఇస్త్రీ బట్టలతోనే కడప మీద బోర్లా పడుకున్నాడు. ద్వారబంధం పట్టుకుని ఎడమ మడమతో మూడుసార్లు తొక్కాను. లేచి నిలబడి "గీ కాలికి బంగారు కడియం చేపియ్యాలె" అన్నాడు. పైసా తీసుకుంటే కాలి గుణం పోతుందని నీకు తెలుసు కదా. పైగా నేనే చాయ్ తాగించి పంపాను.

ఏడో తరగతిలో నీ కాలు మడతపడితే ఎవరు సరిచేశారు? మీ పెద్దబాపు భుజాలు పట్టుకున్నాడు, నేను మడమ పట్టి ఒక్క గుంజు గుంజాను. టక్కుమంది. నాలుగో రోజు బడికి పోయావు. అప్పుడు ఏ డాక్టర్ వచ్చాడు? సృజనను దసరా సెలవులకు నా దగ్గరికి పంపు. నూనె రాసి, గుంజి, మూడు ఆదివారాలు తొక్కితే దాని కీళ్ళు ఎక్కడివక్కడ కూర్చుంటాయి. పరేషాన్ కాకు.

పెద్దవ్వ


మందమర్రి,
జూలై 20, 2023.

పెద్దవ్వా,

డాక్టర్ ఇంకో మాట కూడా అడిగాడు. పోయిన ఉత్తరంలో కావాలనే రాయలేదు. "బెణికినప్పుడు ఎవరైనా లాగేవాళ్ళా?" అన్నాడు. తలూపాను. ఎన్నిసార్లు అంటే లెక్క తెలియదన్నాను. ఆయన కాగితం మీద కీలు బొమ్మ గీశాడు. రెండు ఎముకలను కలిపి పట్టుకునే పట్టీలు ఉంటాయట. నాలాంటి వాళ్ళకు అవి ముందే సాగి ఉంటాయి. బెణికినప్పుడు కదలనీయకుండా కట్టి పెట్టాలి. లాగితే చిరుగుతాయి. చిరిగిన తర్వాత మునుపటిలా బిగుసుకోవు.

నాలుగో రోజు బడికి పోయానని రాశావు. ఎలా పోయానో రాయలేదు. గోడలు పట్టుకుని పోయాను. నువ్వు గుంజినప్పుడు నాకు కళ్ళు చీకట్లు కమ్మి లంగా తడిసిపోయింది. పెద్దబాపు నా భుజాలు వదల్లేదు. ఆ రోజు తర్వాత ఆ కాలు మీద నాకు ధీమా లేదు. అయినా బెణికిన ప్రతిసారీ నీ దగ్గరికే వచ్చాను, నువ్వు ప్రతిసారీ గుంజావు. నొప్పి ఎక్కువైందని చెప్పలేదు. తల్లిలేని పిల్లను తెచ్చి సాకుతున్నావు, నోరెత్తితే ఏం బాగుంటుంది అనుకున్నాను.

నువ్వు ప్రేమతోనే చేశావని నాకు తెలుసు. ప్రేమతో చేస్తే చిరిగింది అతుకుతుందా? నాకు ముప్పై నిండలేదు. మా వీధిలో డెబ్బై ఏళ్ళ ముసలామె నాకంటే గట్టిగా నడుస్తుంది. నా కాలు పాడుచేసింది నువ్వే పెద్దవ్వా.

సృజనను పంపను. దాని కాలు నువ్వు ముట్టొద్దు.

అలేఖ్య


మంథని,
సెప్టెంబర్ 30, 2023.

అలేఖ్యకు,

నీ ఉత్తరం జూలైలోనే అందింది. వెంటనే జవాబు రాస్తే చేదు మాట పడుతుందని ఆగాను. ఆగీ ఆగీ రెండు నెలలు దాటింది.

అది చదివిన వారం ఎవరినీ తొక్కలేదు, జ్వరమని చెప్పి తలుపు వేసుకున్నాను. తర్వాతి ఆదివారం ఎదురింటి బాలమల్లు వంగి నడుచుకుంటూ వచ్చి కడప మీద పడుకున్నాడు. నేను తొక్కనంటే "నేనేం పాపం చేసిన్నే అనసూర్యా?" అని అడిగాడు. ఏం చెప్పను? తొక్కాను. మీ పెద్దబాపు పోయాడు, నువ్వు పెళ్ళి చేసుకుని పోయావు. ఆదివారం పూట ఆ నలుగురు వస్తేనే నా ఇంట్లో మనిషి అలికిడి. అది కూడా తీసేస్తే నేనెవరిని?

పిల్లను చూడాలని ఉంది. పంపొద్దన్నావు, సరే. దసరాకు నేనే వస్తాను. నాలుగు రోజులుండి పోతాను. దాని కాలు ముట్టను. కావాలంటే చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంటాను. వద్దంటే రాను.

పెద్దవ్వ


మందమర్రి,
నవంబర్ 6, 2023.

పెద్దవ్వకు నమస్కారాలు.

సృజన కాలికి ఆపరేషన్ జరిగింది. సన్న తీగ ఒకటి వేశారు. ఆరు వారాలు పిండికట్టు ఉంటుంది. కట్టు మీద స్కెచ్ పెన్నులతో పూలు గీసుకుంది. నడక మామూలుగా వస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమంటున్నారు.

సెలవులకు నువ్వు వచ్చిన మూడో రోజే అలా జరుగుతుందని ఎవరనుకున్నారు? అది నల్లా గద్దె మీద నుంచి దూకకపోతే ఏమీ లేకపోయేది. బెణుకుతో పోయేదాన్ని లాగడం వల్ల ఎముక ముక్క పక్కకు జరిగిందని డాక్టర్ అన్న మాట ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది. అత్తమ్మ రోజూ నీ పేరు ఎత్తుతుంది. "గా ముసలామె చేతులు గమ్మున ఉండయా?" అంటుంది. నువ్వేమో మర్నాడు మొదటి బస్సుకే వెళ్ళిపోయావు, ఉప్మా పెడితే ముట్టలేదు. నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. పెద్దవాళ్ళు అలవాటు కొద్దీ చేస్తారు.

సంపత్ బత్తాయిలు తీసుకుని పిల్లను చూడడానికి వచ్చాడు. అత్తమ్మ అతనికి అంతా చెప్పింది.

ఈ ఉత్తరం అరుణ్ చదివి పోస్టు చేస్తానన్నాడు. ఉంటాను.

అలేఖ్య


మంథని,
నవంబర్ 25, 2023.

అలేఖ్యకు దీవెనలు.

పిల్ల పూలు గీసుకుందని చదివి కాస్త కుదుటపడ్డాను. ఏ రంగులతో గీసిందో రాయలేదు. దానికి కట్టు లోపల దురద పెడుతుంది, పుల్ల పెట్టి గోకనీయకు.

అరుణ్ ఈ ఉత్తరం కూడా చదివితే చదవనీ. జూన్‌లో నువ్వు ఒక మాట అడిగావు, నేను అబద్ధం రాశాను. పిల్లకు వైద్యం చేసేవాళ్ళకు పనికొస్తుందేమోనని ఇప్పుడు నిజం రాస్తున్నాను. మీ అవ్వకు భుజం ఊడివచ్చేది. నాటు వేసి వేసి సాయంత్రానికి చెయ్యి వేలాడేసుకుని వచ్చేది, నేనే ఎక్కించేదాన్ని. నాకు పుట్టినప్పటి నుంచీ రెండు మడమలూ మడతపడతాయి. ద్వారబంధం పట్టుకుని తొక్కడం ఆనవాయితీ అని ఊరంతా అనుకుంటుంది. పట్టుకోకపోతే నేను పడతాను బిడ్డా. ఒక్కొక్కరి నడుము మీద మడమ పెట్టినప్పుడల్లా పళ్ళు బిగబట్టుకునేదాన్ని. ఈమె కాలికే నొప్పి ఉంది, మన నొప్పి ఏం తీస్తుంది అనుకుంటారని, కుంటకుండా నడవడం నేర్చుకున్నాను. నాకు అరవై రెండేళ్ళు. ఈ మాట మీ పెద్దబాపుకు కూడా తెలియదు.

చిన్నప్పుడు నా కాళ్ళు గుంజింది మా అవ్వ. ఆమె కాళ్ళు ఎవరు గుంజారో తెలియదు.

ఇక్కడ ఆదివారాలు ఖాళీ. సంపత్ చెడ్డవాడు కాదు, అడిగినవాళ్ళకు ఉన్నది చెప్పాడు. పసిపిల్ల కాలు విరగ్గొట్టిందని నల్లా దగ్గర అనుకుంటున్నారట. బీడీలు చుట్టేవాళ్ళు కూడా ఇప్పుడు వేరే వాకిట్లో కూర్చుంటున్నారు. చెవులు పోవడం ఒకందుకు మంచిదే అయింది.

పెద్దవ్వ


మందమర్రి,
డిసెంబర్ 10, 2023.

పెద్దవ్వా, నా తల్లీ,

ఈ ఉత్తరం నేనే పోస్టు చేస్తాను. మనిద్దరికీ తెలిసిన విషయమే, అయినా నా చేత్తో ఒక్కసారి రాయాలి.

ఆ మధ్యాహ్నం అరుణ్ డ్యూటీలో ఉన్నాడు. అత్తమ్మ అంగడికి పోయింది. ఇంట్లో ఉన్నది మనిద్దరమే. సృజన గద్దె మీద నుంచి దూకింది, పాదం లోపలికి తిరిగింది, కేక పెట్టింది. నువ్వు లేచావు. లేచి మళ్ళీ కూర్చుని రెండు చేతులూ కొంగులో చుట్టుకున్నావు. "ముట్టకు బిడ్డా, కదలనియ్యకు, ఆటో పిలువు" అని అరిచింది నువ్వు. నేను విన్నాను. వింటూనే దాని మడమ పట్టుకుని గుంజాను.

నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? కీలు బొమ్మ చూసినదాన్ని. నీకు ఉత్తరం నిండా నీతులు రాసినదాన్ని. అది ఏడుస్తుంటే నాకు డాక్టర్ గుర్తు రాలేదు. ఎప్పుడు గుంజడానికి సిద్ధమయ్యానో కూడా తెలియదు. నా వేళ్ళు వెనక్కి వంగి నొప్పి పెట్టాయి, అయినా వదల్లేదు. టక్కుమంది. ఆ చప్పుడు విన్నాకే నాకు స్పృహ వచ్చింది.

దవాఖానలో డాక్టర్ "ఎవరు లాగారు?" అన్నాడు. అరుణ్ డ్యూటీ బట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. అత్తమ్మ నా ముఖమే చూస్తోంది. "మా పెద్దవ్వ" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. నీకు వినపడదులే అనుకున్నాను. నువ్వు నా పెదాలు చూశావు. కాసేపు నన్నే చూసి, డాక్టర్ వైపు తిరిగి "ఔ సారూ, నేనే గుంజిన" అన్నావు. మర్నాడు బస్సెక్కేటప్పుడు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత నేను సిగ్గు లేకుండా "ఎవరినీ తప్పు పట్టడం లేదు" అని నీకు రాశాను.

నీ వాకిలి ఖాళీ అయిందని చదివాక నాకు అన్నం సహించలేదు. పోయిన బుధవారం అరుణ్‌కు చెప్పేశాను. తిడతాడనుకున్నాను. "మరి ఆమె ఎందుకు ఒప్పుకున్నది?" అన్నాడు. అది నిన్నే అడగాలన్నాను. అత్తమ్మకు కూడా చెప్పాను. "అయ్యో, గామెను నేనెన్ని తిట్లు తిట్టిన్నో" అని అక్కడే కూలబడింది.

జూలైలో నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకోలేను, అవి నిజాలే. కానీ అక్టోబర్‌లో జరిగిన తప్పు నాది. ఈ నెలాఖరు ఆదివారం అరుణ్, నేను వస్తున్నాం. నల్లా దగ్గర నిలబడి నీ వీధి వాళ్ళందరికీ చెబుతాను, నా బిడ్డ కాలు గుంజింది నేనని. నీ మీద పడ్డ నింద నేనే తుడుస్తాను. అప్పటిదాకా నన్ను శపించకు.

నీ అలేఖ్య


మంథని,
డిసెంబర్ 18, 2023.

నా బిడ్డ అలేఖ్యకు,

నిన్ను శపిస్తే నా నోరు పడిపోదా? కోపం రాలేదంటే అబద్ధం. బస్సులో మంచిర్యాల దాకా ఏడ్చాను. పక్కన కూర్చున్నామె ఎవరో చనిపోయారనుకుని నా చెయ్యి పట్టుకుంది. నేను కాదని చెప్పలేదు.

అరుణ్ అడిగిన దానికి జవాబు నా దగ్గర ఉంది. అతనికి చెప్పు. నీకు గుంజడం ఎవరు నేర్పారు? బెణికినప్పుడల్లా నీ మీద చేసి చూపించింది నేనే. ఎవరు లాగారని డాక్టర్ అడిగితే, నేనే అనడం ఎంతవరకు అబద్ధం? ఇంకోటి, నువ్వు ఆ ఇంటి కోడలివి. రేపు పిల్ల కుంటితే, కుంటినప్పుడల్లా వాళ్ళు నీ ముఖం చూస్తారు. నేనైతే మంథనిలో ఉంటాను కదా అనుకున్నాను. ఇప్పుడు నువ్వే చెప్పేశావు. మంచిదే. భార్యాభర్తల మధ్య అంత బరువు ఉండొద్దు.

ఆదివారం రండి. పిల్లను కూడా ఎత్తుకుని రండి. పచ్చిపులుసు చేసి పెడతాను. కానీ నల్లా దగ్గర ఒక్క మాట మాట్లాడొద్దు. ఇది బతిమాలి అడుగుతున్నాను.

నువ్వు చెబితే నమ్ముతారు. నమ్మి, అయ్యో అనవసరంగా అనుమానించామని ఇంకా ఎక్కువ మంది వస్తారు. పిల్లల్ని చంకనేసుకుని వస్తారు. నాకు కాదనడం రాదు బిడ్డా. నీ ఉత్తరం చదివిన తర్వాత కూడా బాలమల్లును కాదనలేకపోయాను. మనుషులు వాకిట్లోకి వస్తే నా మనసు నిలవదు. ఆ పిల్లల్లో నీలాంటి కీళ్ళవాళ్ళు ఎవరో నేనెట్లా పోల్చుకోను? నలభై ఏళ్ళుగా ఎంతమందివి గుంజానో గుర్తు చేసుకుంటూ కూర్చుంటున్నాను. బాగుపడ్డవాళ్ళు మళ్ళీ వచ్చి మెచ్చుకున్నారు. గోడలు పట్టుకుని నడిచినవాళ్ళు నాకు చెప్పలేదు, నువ్వు చెప్పనట్టే. వాళ్ళ పేర్లు నాకు ఎప్పటికీ తెలియవు.

ఈ ఒక్క నిందే వాళ్ళను ఆపింది. దాన్ని తుడవొద్దు. ఎట్లా ఉంటుందని అడుగుతావేమో, కష్టంగానే ఉంది. ఆదివారం పొద్దున అలవాటు కొద్దీ కడప కడిగి, ముగ్గేసి కూర్చుంటాను. పదింటికి లేచి వంట మొదలుపెడతాను.

మొన్న బాలమల్లు మనవరాలు బడి నుంచి వస్తూ వీధిలో జారిపడి కాలు మడతపెట్టుకుంది. ఏడుపు నాకు వినపడలేదు, తెరిచిన నోరు కనిపించింది. లేచి వాకిలి దాకా పోయాను. బాలమల్లు నన్ను చూసి పిల్లను అటువైపు భుజం మీదికి మార్చుకున్నాడు. ఎవరూ కాలు ముట్టలేదు. అట్టముక్క పెట్టి కండువాతో కట్టి, సంపత్ ఆటోలో పెద్దపల్లి దవాఖానకు తీసుకుపోయారు. ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. మంచిపని చేశారు బిడ్డా.

మీ పెద్దవ్వ,
అనసూర్య